దవావోలో బిసయా, టగాలోగ్ ఇంటెన్సివ్ కోర్సు: క్లర్క్‌షిప్‌కి ముందు చేరాలా?

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదివే మనవాళ్లకి థర్డ్ ఇయర్ పూర్తవుతుండగా ఒక టెన్షన్ మొదలవుతుంది. పరీక్షల గురించి కాదు, పేషెంట్ల గురించి. క్లర్క్‌షిప్‌లో అంటే హాస్పిటల్లో శిక్షణ పొందే కాలంలో, రోజూ వార్డులో నిలబడి కేస్ హిస్టరీ తీసుకోవాలి. పేషెంటు మాట్లాడేది బిసయా. అప్పటికి మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నా చాలామందికి వచ్చేది మార్కెట్లో ధర అడగడం, జీప్నీ (ఇక్కడి షేర్ బండి) దిగేటప్పుడు ఆపమని 'లుగార్ లంగ్' అనడం, అంతవరకే. డబ్బు పెట్టి భాష నేర్చుకోవాలా అక్కా, వార్డులో తిరుగుతుంటే అదే వస్తుందా అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

విదేశీయుల కోసం ఇక్కడ నడిచే ఒక చిన్న భాషా కేంద్రంలో నేను సెబువానో (అంటే బిసయానే), టగాలోగ్ కోర్సులు రెండూ చేశాను. ఇప్పుడు క్లర్క్‌షిప్‌లో ఉన్నాను కాబట్టి అక్కడ నేర్చుకున్నది ఎంతవరకు పనికొస్తోందో రోజూ తెలుస్తోంది. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి గనక కేంద్రం పేరు రాయడం లేదు. ఇదే తరహాలో నేర్పే చోట్లు సెబూలో, మనీలాలో కూడా ఉన్నాయి. దేన్ని చూసేటప్పుడైనా ఈ రివ్యూలో రాసినవి అడిగి తెలుసుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సెబువానో కోర్సు తప్పకుండా చేయండి. టగాలోగ్ కోర్సులో టీచర్లు మంచివాళ్లే గానీ, ఇప్పుడు నడుపుతున్న తీరులో అది ఫీజుకు తగ్గట్టు లేదు. రెండూ కలిపి కడితే రాయితీ ఇస్తామంటారు. ఆ రాయితీ కోసమని రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టుకోవద్దు.

కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఒక మాట. సెబువానో, బిసయా అని రెండు పేర్లు వింటారు. దవావోలో అందరూ బిసయా అనే అంటారు. సెబూ, బోహోల్, లేతె దీవుల నుంచి తరతరాలుగా దవావో ఉన్న మిందనావో దీవికి వచ్చి స్థిరపడ్డవాళ్లతో పాటు వచ్చిన భాష ఇది. దేశానికి అధికార భాషలు మాత్రం ఫిలిపినో, ఇంగ్లిష్. 1987 రాజ్యాంగంలో అలాగే ఉంది. ఫిలిపినోకి మూలం టగాలోగ్. 1937లో అధ్యక్షుడు మాన్యుయెల్ కెసోన్ జాతీయ భాషకు టగాలోగే ఆధారం అని ప్రకటించారు. అందుకే బళ్లో, టీవీలో, సినిమాల్లో టగాలోగ్ వినిపిస్తుంది, దవావోలో చాలామందికి అది అర్థమవుతుంది కూడా. కానీ నొప్పితో ఉన్న మనిషి నోటి వెంట వచ్చేది బిసయానే.

మన దగ్గర కన్సల్టెన్సీ వాళ్లు 'ఇంగ్లిష్ మీడియం, భాషతో ఏ ఇబ్బందీ ఉండదు' అని చెప్పి పంపిస్తారు. క్లాసురూమ్ వరకు అది నిజం. పాఠాలు ఇంగ్లిష్‌లోనే, పరీక్షలు ఇంగ్లిష్‌లోనే, కేస్ షీటు రాసేదీ ఇంగ్లిష్‌లోనే. మంచం పక్కకు వెళ్లాక ఆ మాట పనిచేయదు. పైగా 2021లో వచ్చిన మన నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ పైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అంటే పేషెంట్ల మధ్య గడిపే కాలం తక్కువేమీ కాదు. అంతకాలం పక్కనున్న ఫిలిపినో క్లాస్‌మేట్‌ని 'ఆమె ఏమంటోంది' అని అడుగుతూ బతకడం ఆ పేషెంటుకీ అన్యాయం, ఆ క్లాస్‌మేట్‌కీ అన్యాయం.

ఇక కోర్సు సంగతి. రోజుకు 4 గంటలు, వారానికి 5 రోజులు, 8 వారాలు. ఒక పాత ఇంటి పై అంతస్తులో క్లాసులు. బ్యాచ్‌లో మహా అయితే నలుగురు. మా బ్యాచ్‌లో ఒక కొరియన్ పాస్టరు, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్న ఒక జర్మన్ పెద్దాయన ఉన్నారు. మొదటి రెండు వారాలు పుస్తకం ఇవ్వరు, రాసుకోనివ్వరు. వినాలి, తిరిగి అనాలి, అందులో ఒక మాట మార్చి మళ్లీ అనాలి. చూసి చదివితే మన అలవాటు ఉచ్చారణే వస్తుంది, విని అంటేనే ఇక్కడి ఉచ్చారణ వస్తుంది అన్నది వాళ్ల వాదన. తెలుగు లిపిలో రాసుకుంటానని అడిగినా ఒప్పుకోలేదు. రెండు వారాలయ్యాక అలా ఎందుకు పట్టుబట్టారో నాకు బాగా తెలిసింది, ఎందుకంటే అప్పటికి చెవి ముందుకు వెళ్లి ఉంది, పుస్తకం దాన్ని అనుసరించింది.

అన్నిటికన్నా నచ్చింది గంట గంటకూ టీచర్ మారడం. పొద్దున మొదటి గంట బోహోల్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆమె 'య' అనాల్సిన చాలాచోట్ల 'జ' అంటుంది. 'మాయో' కాస్తా 'మాజో' అయిపోతుంది. రెండో గంట సెబూ నగరంలో పుట్టి పెరిగిన ఆవిడ. ఆమె నోట్లో మధ్యలో ఉండే 'ల' కరిగిపోతుంది. 'బలాయ్' అంటే ఇల్లు, ఆమె అంటే అది 'బాయ్' లాగా వినిపిస్తుంది. 'వాలా' ఒట్టి 'వా' అవుతుంది. ఆ తర్వాత వచ్చే కుర్రాడు అచ్చంగా దవావో వాడు, మాటల మధ్యలో టగాలోగ్ కలిపేస్తాడు. ఒకే వాక్యాన్ని ముగ్గురి నోటా వినేసరికి మొదటి వారం తల తిరిగిపోతుంది. కానీ గవర్నమెంటు హాస్పిటల్ వార్డులో పక్కపక్క మంచాల మీద ఉండేది సరిగ్గా ఈ ముగ్గురి లాంటి వాళ్లే. ఒక్క టీచరుతో నేర్చుకున్న నా స్నేహితురాలు ఆ టీచరు మాట్లాడితే పూర్తిగా అర్థం చేసుకుంటుంది, వేరేవాళ్లు మాట్లాడితే ఆగిపోతుంది.

ఈ కోర్సుకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే. ప్రశ్న అడగడం నేర్చుకోవడం పెద్ద పని కాదు. 'ఉన్సాయ్ గిబాతి నిమో?' అంటే ఏం బాధగా ఉంది. 'ఆసా దపిత్ ఆంగ్ సకిత్?' అంటే నొప్పి ఎక్కడ. 'కనుస్-ఆ నగ్సుగొద్?' అంటే ఎప్పుడు మొదలైంది. సీనియర్ల దగ్గర నుంచి చేతులు మారుతూ వచ్చే పీడీఎఫ్‌లో ఇవన్నీ ఉంటాయి, ఒక రాత్రిలో బట్టీ పట్టొచ్చు. అడుగుతాం. పేషెంటు మనకు భాష వచ్చనుకుని మామూలు వేగంతో జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. అక్కడ ఆ పీడీఎఫ్ చేతులెత్తేస్తుంది. నొప్పి అని ఒక్క మాటతో ఎవరూ సరిపెట్టరు. తలనొప్పికి 'లబద్', మంటగా ఉంటే 'హప్దొస్', ఎముకలోంచి వచ్చినట్టు లాగేస్తుంటే 'ఙుత్ఙుత్'. మూడు రోజులు అనడానికి 'తులో కా అద్లావ్' అని సొంత అంకె వాడతారు, అదే తెల్లవారుజామున మూడింటికి అనాలంటే 'అలాస్ త్రెస్ సా కద్లావొన్' అని స్పానిష్ అంకె వస్తుంది. జ్వరం ఎప్పటినుంచి అంటే ఈ రెండు రకాల అంకెలూ ఒకే జవాబులో వినిపిస్తాయి. ఈ కేంద్రంలో పరీక్ష కూడా దీని మీదే పెడతారు. మనం ప్రశ్న అడిగితే మార్కు లేదు, జవాబు విని అందులో ఏముందో తిరిగి చెబితేనే మార్కు.

తెలుగువాళ్లకు ఈ భాషలో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. ఇది చెప్పడం నాకు చాలా ఇష్టం. మా జర్మన్ పెద్దాయన 'కితా', 'కమి' తేడాతో వారాల తరబడి కుస్తీ పట్టాడు. మనకు అది ఒక్క నిమిషం పని, ఎందుకంటే అవి మనం, మేము. అలాగే 'దిలి', 'వాలా', 'ఆయావ్' అని మూడు రకాలుగా వద్దనడం, లేదనడం ఉంటుంది. ఇంగ్లిష్ నుంచి వచ్చినవాళ్లు మూడింటినీ ఒకే డబ్బాలో వేసి తికమక పడతారు. మన కాదు, లేదు, వద్దు గుర్తుపెట్టుకుంటే ముప్పాతిక వంతు సరిపోతుంది. మిగతా పావు వంతులో ఒక జాగ్రత్త ఉంది. జరగబోయే పనిని కాదనడానికి కూడా 'దిలి'యే వస్తుంది. తినను అనడానికి 'దిలి', తినలేదు అనడానికి 'వాలా'. పేషెంటు అన్నం తినలేదా, తినను అంటోందా అన్నది మనకు కావాల్సిన విషయమే కదా.

ఇంకొకటి 'కునో'. విన్న మాటను విన్నట్టుగా చెప్పడానికి వాడతారు, అచ్చంగా మన 'అట'. పిల్లాడి అమ్మమ్మ హాస్పిటల్‌కి తీసుకొచ్చి చెబుతున్నప్పుడు, ఏది ఆమె కళ్లారా చూసింది, ఏది తల్లి చెప్పగా విన్నది అన్నది 'కునో' ఉందా లేదా అన్నదాన్ని బట్టి తెలిసిపోతుంది. హిస్టరీలో ఆ తేడా నేను ఇప్పుడు రాసిపెడుతున్నాను. దీన్ని కోర్సులో ఎవరూ నాకు ప్రత్యేకంగా పాఠంగా చెప్పలేదు, తెలుగు వచ్చినందువల్లే చెవికి తగిలింది. త, ద లాంటి శబ్దాలు కూడా మనవే, నాలుక పళ్లకు తగిలించి పలికేవి.

కష్టమైనవీ ఉన్నాయి. 'ఙ'తో మొదలయ్యే మాటలు. మన అక్షరమాలలో ఆ అక్షరం ఉన్నా దానితో మొదలుపెట్టి మాట పలికే అలవాటు మనకు లేదు. పన్ను అంటే 'ఙిపొన్', ఎందుకు అంటే 'ఙానో'. రెండోది, మాట మధ్యలో, చివర గొంతు దగ్గర క్షణం పాటు గాలి ఆపడం. 'కనుస్-ఆ'లో ఆ గీత ఉన్నచోట అదే జరుగుతుంది. బోహోల్ టీచరు దీని దగ్గర అస్సలు వదిలిపెట్టేది కాదు. "మళ్లీ అను దాయ్, ఆగి అను" అని సరిగ్గా వచ్చేదాకా అనిపించేది. ఇక్కడ ఆడపిల్లను ముద్దుగా 'దాయ్' అనీ, మగపిల్లాణ్ని 'దొంగ్' అనీ పిలుస్తారు. మేము ఆమెను 'నాంగ్' అనేవాళ్లం. ఆ పిలుపులు కూడా మొదటి రోజే నేర్పిస్తారు, వార్డులో పెద్దవాళ్లను 'నాయ్' (అమ్మా), 'తాయ్' (నాన్నా) అని పిలిచి మొదలుపెడితే వాళ్ల ముఖం తీరే మారిపోతుంది.

వ్యాకరణంలో అసలు ఎక్కాల్సిన కొండ క్రియలు. పని చేసినవాడి వైపు నుంచి చెబితే ఒక రూపం, ఆ పని దేనికి జరిగిందో దాని వైపు నుంచి చెబితే ఇంకో రూపం. చార్టు వేసి చెప్పి ఉంటే నాకు ఎప్పటికీ ఎక్కేది కాదు. దవావో కుర్రాడు మందు సీసా ఒకటి బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు. 'నగ్-ఇనొమ్ కా ఓగ్ తంబల్?' అంటే ఏదైనా మందు వేసుకున్నావా. 'గి-ఇనొమ్ నిమో ఆంగ్ తంబల్?' అంటే ఆ మందు, మేమిచ్చింది, వేసుకున్నావా. మొదటిదానికి అవును అన్న పేషెంటు రెండోదానికి లేదు అనొచ్చు. ఒక గంట క్లాసులో బీపీ మాత్ర, ఉప్పు, బియ్యం, జీప్నీ చార్జీ, అన్నిటితోనూ ఇదే తిప్పితిప్పి అనిపించాడు. నాకు నచ్చిన క్లాసుల్లో అది మొదటిది.

మధ్యాహ్నాలు వారానికి రెండుసార్లు బయటికి పంపిస్తారు, ఎక్కువగా బంకెరోహాన్ మార్కెట్‌కి. కొనమని కాదు. ఇద్దరు ముగ్గురు అమ్మేవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఏం చెప్పారో తర్వాతి రోజు క్లాసులో బిసయాలో చెప్పాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఏ విదేశీ ముఖం కనబడినా ఫిలిపినోలు మర్యాదగా ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తారు. వాళ్లకు ఇంగ్లిష్ బాగానే వచ్చు కదా. అందుకని 'బిసయా లంగ్, పలిహుగ్' (దయచేసి బిసయాలోనే) అని నవ్వుతూ అడగడం నేర్పించారు. అది అనగానే కూరలమ్మే అక్కలు పనులాపి మరీ మాట్లాడేవాళ్లు. ఒకావిడ పొమెలో ఒలిచి చేతిలో పెట్టి, ఊళ్లో తన మనవడి దగ్గు గురించి చెప్పుకొచ్చింది. ఏ ల్యాబ్‌లోనూ దొరకని ప్రాక్టీసు అది.

ఇప్పుడు లోపాలు. పాఠాల మెటీరియల్ మిషనరీల కోసం ఎప్పుడో తయారు చేసినది. ఫోటోకాపీకి ఫోటోకాపీ తీసి అక్షరాలు మసకబారిపోయాయి. సంభాషణలన్నీ పారిష్, ప్రార్థన, ఊరేగింపు, ఫాదర్ గారింటికి వచ్చిన అతిథులు. మా పాస్టరుకు అవి బంగారం. నాకు కావాల్సిన గుండె, ఊపిరి, వాంతి, కాన్పు వాటిలో దాదాపు లేవు. విదేశీ మెడికల్ స్టూడెంట్లు ఇంతమంది ఉన్న ఊళ్లో ఇప్పటికీ ఒక ఆరోగ్య పాఠం రాసుకోకపోవడం నాకు బాధగానే ఉంది. అది వాళ్లకు చెప్పాను కూడా. మేనేజ్‌మెంటు నుంచి జవాబు రాలేదు.

టీచర్లు మాత్రం ఊరుకోలేదు. సెబూ ఆవిడ తన పక్కింట్లో ఉండే రిటైరైన బరంగాయ్ హెల్త్ వర్కర్‌ని మాట్లాడి క్లాసుకు తీసుకొచ్చింది. బరంగాయ్ అంటే ఇక్కడి అన్నిటికన్నా చిన్న పాలనా విభాగం, ఇంటింటికీ తిరిగి బాలింతల్ని, పిల్లల్ని చూసుకునేది ఆ హెల్త్ వర్కర్లే. ఆవిడ వచ్చిన రోజులు కోర్సు మొత్తం విలువకు సమానం. మాకు టెక్స్ట్‌బుక్‌లో లేని జబ్బులు చెప్పింది. 'బుగ్-హత్' అంటే జ్వరమో కాన్పో అయ్యాక పూర్తిగా కోలుకోకముందే పనిలో పడితే తిరగబెట్టేది. 'పనుహొత్' అంటే ఒంట్లో గాలి చేరి పట్టేసిందని చెప్పుకునే నొప్పి. 'పస్మా' అంటే ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్లు తగిలితే వస్తుందని నమ్మేది. పసిపిల్లను చూసి ముద్దుగా ఉంది అన్నాక 'పుయెరా బుయగ్' అనాలని కూడా ఆవిడే చెప్పింది. మన దిష్టి లాంటిదే, అందుకని నాకు వెంటనే అర్థమైంది.

ఇవన్నీ మూఢనమ్మకాలని పక్కన పెట్టేస్తే హిస్టరీ సగంలో ఆగిపోతుంది. పేషెంటు 'పనుహొత్' అంది అంటే ఆమె ఛాతీలోనో వీపులోనో నొప్పితో ఇప్పటికే హిలొత్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి మర్దన చేయించుకుని ఉండొచ్చు. అది అడగాలి. ఆ నొప్పి గుండెది అయి ఉండొచ్చు కూడా. ఈ మాటలు తెలిసి ఉంటే తర్వాతి ప్రశ్న ఏం అడగాలో తెలుస్తుంది. ఇలాంటి మనిషిని కోర్సులో శాశ్వతంగా పెట్టుకుని, ఆవిడకు తగిన జీతం ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

టగాలోగ్ కోర్సుకి వద్దాం. సెబువానో అయిన మర్నాడే మొదలవుతుంది. ఆ భాష చాలా అందమైనది, అందులో నాకు సందేహం లేదు. 'పో' అనేది మన 'అండి' లాగా వాక్యంలో చేరి మర్యాద తెస్తుంది, సెబువానోలో అలాంటిది లేదు. ముఖానికి 'ముఖా', టీచరుకు 'గురో', ముత్యానికి 'ముత్యా' అనే మాటలు వినబడితే ప్రాణం లేచొస్తుంది. లగునా రాష్ట్రంలో దొరికిన రాగి శాసనం క్రీ.శ. 900 నాటిది, అందులో శక సంవత్సరం 822 అని ఉంది. సంస్కృతం ఇంత దూరం ఎప్పుడు వచ్చిందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కానీ నేర్పిన తీరు బాగాలేదు. సెబువానోలో ఉన్న ఓపిక ఇక్కడ లేదు. మొదటి రోజునుంచే పుస్తకం, ఇంగ్లిష్‌లో వివరణ, చార్టులు. 'సెబువానో వచ్చింది కాబట్టి మీకు ఇది తొందరగా వస్తుంది' అని వేగం పెంచేశారు. నిజానికి రెండూ దగ్గరి భాషలు కావడమే సమస్య. టగాలోగ్ క్రియల్లో మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలికి జరుగుతున్నది, జరగబోయేది చెబుతారు. తిన్నాడు 'కుమాయిన్', తింటున్నాడు 'కుమాకాయిన్', తింటాడు 'కాకాయిన్'. సెబువానోకి ఆ అలవాటు లేదు, నోరు తిరగడానికే సమయం కావాలి. మాటలు కూడా ఒకేలా ఉండి అర్థాలు పక్కకు జరుగుతాయి. టగాలోగ్‌లో 'హిలో' అంటే కళ్లు తిరగడం, సెబువానోలో అదే విషం. సెబువానోలో 'గిన్హావా' అంటే ఊపిరి, టగాలోగ్‌లో అది హాయి, ఉపశమనం. హాస్పిటల్లో ఇవి కలగలిస్తే సరదా విషయం కాదు. సెబువానో గట్టిపడకముందే టగాలోగ్ మీద పోస్తే రెండూ పల్చబడతాయి. మధ్యలో కనీసం కొన్ని నెలల వార్డు అనుభవం ఉండాలని నా నమ్మకం.

మరి టగాలోగ్ ఎవరికి? మనీలా వైపు, లుసోన్ దీవిలో చదివేవాళ్లకి అదే మొదటి భాష కావాలి, సెబువానో జోలికి వెళ్లక్కర్లేదు. దవావోలో ఉండేవాళ్లు టీవీ వార్తలు, సినిమాల కోసం తర్వాత నిదానంగా నేర్చుకోవచ్చు. ఈ కేంద్రంలో మాత్రం టగాలోగ్‌ని కూడా సెబువానో నేర్పిన పద్ధతిలోనే, పుస్తకం లేకుండా మొదలుపెట్టే రోజు వస్తే అప్పుడు చేరండి.

ఫీజు విషయం. బ్యాచ్‌లో చేరితే గంటకు సుమారు 300 పెసోలు, ఒక్కరికే ఒక టీచరు కావాలంటే దానికి రెట్టింపు పైనే. నలుగురి బ్యాచ్ చాలు, నిజానికి అదే మంచిది, ఎందుకంటే పక్కవాళ్లు చెప్పే జవాబులు కూడా వినాలి. ఆగస్టులో చేరేవాళ్లు క్యాలెండర్ చూసుకోండి. కదాయవాన్ పండగ, 21న నినోయ్ అకీనో దినం, నెలాఖరు సోమవారం జాతీయ వీరుల దినం, అన్నిటికీ సెలవే. ఆ క్లాసులు మళ్లీ పెట్టలేదు, ఫీజులోనూ తగ్గించలేదు. చేరేముందే దీని గురించి రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇప్పటికే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కాక, కేవలం భాష కోసం వచ్చేవాళ్లు స్పెషల్ స్టడీ పర్మిట్ గురించి ముందు కేంద్రాన్నే అడగండి. డిగ్రీ లేని చిన్న కోర్సులు చదివే విదేశీయులకు దాన్ని బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్ ఇస్తుంది.

వాళ్ల కరపత్రంలో '8 వారాల్లో ధారాళంగా' అని ఉంటుంది. ఆ మాట తీసేయాలి. 8 వారాలంటే 160 గంటలు. అమెరికా దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ టగాలోగ్‌కి పెట్టే సమయం 44 వారాలు, దాదాపు 1100 క్లాసు గంటలు. తెలుగుకీ వాళ్లు అంతే పెడతారు. సెబువానో దానికన్నా తేలికేమీ కాదు. 160 గంటలకు వచ్చేది ధారాళం కాదు. నెమ్మదిగా చెప్పమని అడిగి, చెప్పిన దానిలో ముఖ్యమైనది పట్టుకుని, అర్థం కానిది ఏమిటో గుర్తించగలిగే స్థాయి. నాకు ఆ స్థాయి వచ్చింది. ఆ ఫీజుకు అది మంచి ఫలితమే. నిజం చెప్పి అమ్మినా ఈ కోర్సుకు మనుషులు వస్తారు.

కోర్సు అయ్యాక ఆపేస్తే రెండు నెలల్లో పోతుంది, కాబట్టి ఇంట్లో రేడియోలో బిసయా వార్తలు పెట్టుకోండి. కార్నెల్ యూనివర్సిటీ భాషావేత్త జాన్ వుల్ఫ్ 1972లో ప్రచురించిన సెబువానో నిఘంటువు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎ, ఒ అక్షరాలకు బదులు ఇ, ఉ వాడి రాశారు, అది గుర్తుంచుకుని వెతికితే మాట దొరుకుతుంది. వార్డులో విన్న కొత్త మాట రాత్రికి అందులో చూసుకోవడం నాకు అలవాటైంది.

చేరాలనుకునేవాళ్లు ఒక రోజు డెమో క్లాసు అడగండి, చాలాచోట్ల ఇస్తారు. ఎంతమంది టీచర్లు మారతారు, వాళ్లు ఏ ఏ ఊళ్లవాళ్లు, మొదటి రోజే పుస్తకం ఇస్తారా, బయట మనుషులతో మాట్లాడించేది ఎన్ని గంటలు, హెల్త్ వర్కర్ లాంటివాళ్లను తీసుకొస్తారా అని అడగండి. థర్డ్ ఇయర్ అయ్యాక క్లర్క్‌షిప్‌కి మధ్య దొరికే సెలవుల్లో, ఇంటికి వెళ్లొచ్చాక మిగిలే వారాల్లో పెట్టుకుంటే సరిపోతుంది. బ్యాచ్‌లో మన తెలుగువాళ్లు ఒకరికి మించి లేకుండా చూసుకోండి, బ్రేక్‌లో కూడా తెలుగు మాట్లాడుకుంటూ కూర్చుంటే ఆ గంటలు పోతాయి.